తళతళమ్మ కొన్న నల్ల ఆకుల బ్రేస్‌లెట్

తళతళమ్మ అసలు పేరు లాడ్జి హాజరు పట్టీలో ఉంది గానీ, ఆ పేరుతో ఆమెను పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆ మూడంతస్తుల లాడ్జిలో ఆమె పని ఒక్కటే. లోహమన్నది ఎక్కడ కనబడితే అక్కడ తోమడం. మెట్ల పక్కన ఇత్తడి కడ్డీ, గది తలుపుల పిడులు, లిఫ్టు తలుపు, గుమ్మం పక్కన పేరు పలక, స్నానాల గదుల్లో కుళాయిలు. మేనేజరు పొద్దున్నే వచ్చి, పళ్ళ సందున ఏమైనా ఇరుక్కుందేమో ఆ మెట్ల కడ్డీలోనే చూసుకుంటాడు. కుళాయి మీద కొత్త వేలిముద్ర కనబడిందంటే, ఆ గదిలో దిగినవాళ్ళెవరు, ఏ పని మీద వచ్చారు, పిల్లలెందరు అన్నది కూపీ లాగితే గాని తళతళమ్మ చేతిలో గుడ్డ కదలదు.

ఇంట్లోనూ అదే వరస. గ్లాసులు, గరిటెలు, గోడ గడియారం అంచు, ఒకటి వదిలిపెట్టదు. ఆమె భర్త బస్సు డ్రైవరుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. పొద్దున విప్పిన పేపరు సాయంత్రం దాకా మడవడు. ఆయన కళ్ళజోడు ఆయన ముక్కు మీద ఉండగానే తుడిచేసిన రోజులున్నాయి. "కొన్నాళ్ళకి నన్ను కూడా తోమి బోర్లిస్తుంది" అంటాడాయన, పేపరు దించకుండానే.

ఇంత సంబరంగా సాగే ఇంట్లో తళతళమ్మకి ఒక్కటే బెంగ, కోడలు. అలాగని కోడలు గయ్యాళి కాదు. నెమ్మదైన పిల్ల. మొగుడు పొరుగూళ్ళో ఉద్యోగం చేస్తుంటే అత్తమామల దగ్గరే ఉంటోంది. రెండు వీధుల అవతల బ్యూటీ పార్లర్‌లో జుట్టు పని చేస్తుంది. గిరజాల జుట్టు సాపు చేయించుకునేవాళ్ళూ, సాపు జుట్టు గిరజాలు చేయించుకునేవాళ్ళూ ఆ పిల్ల కోసమే వరస కడతారు. అత్తాకోడళ్ళకి మాటా మాటా పడిన రోజు లేదు. కానీ తళతళమ్మ ఇచ్చిన వస్తువేదీ ఆ పిల్ల ఒంటి మీద గాని, చేతిలో గాని నాలుగు రోజులకి మించి నిలవలేదు. మొదట గొడుగు ఇచ్చింది. మాయమైంది. తర్వాత హ్యాండ్‌బ్యాగు. అదీ మాయమే. పోయినేడు స్టీలు పట్టీ ఉన్న వాచీ. వారం తిరక్కుండానే కోడలి మణికట్టు బోసిపోయింది.

తెలుసుకోకుండా ఉండడం తళతళమ్మ ఒంట్లో లేదు. ఒక రోజు దుమ్ము దులిపే నెపంతో కోడలి బీరువా తెరిచింది. పై అరలో, వెనక్కి నెట్టి, దిండు గలీబులో ముడివేసి మూడూ కనబడ్డాయి. కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి. చప్పుడు కాకుండా ముళ్ళు మళ్ళీ వేసి, వంటింట్లోకి వచ్చి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది.

"నేనిచ్చింది దానికి నచ్చదండీ" అంది భర్తతో.

"అడక్కపోయావా? ఊరందరినీ అడుగుతావుగా."

"అదొక్కటీ అడగలేను."

ఆయన పేపరు దించి భార్యని చూశాడు. ఆమె అడగలేని ప్రశ్న ఒకటుందంటే సంగతి చిన్నది కాదని ఆయనకి అర్థమైంది.

అప్పుడే పార్లర్ యజమానురాలు రెండో పార్లర్ తెరుస్తూ, దాని బాధ్యతంతా కోడలికి అప్పగించింది. సోమవారం నుంచి ఆ పిల్లే పెద్ద. తళతళమ్మ ఆ కబురు వినగానే నిశ్చయించుకుంది. ఈసారి ఒక్కటంటే ఒక్కటి, తానిచ్చింది కోడలి ఒంటి మీద చూడాలి. చూసి తీరాలి. అదీ దాచాల్సిన వస్తువైతే ఇంక జన్మలో ఏదీ ఇవ్వకూడదు.

ఏం ఇవ్వాలన్నది ముందుగానే వాసన పట్టింది. పార్లర్ నుంచి తెచ్చిన పాత పత్రిక తిరగేస్తూ కోడలు ఒక పేజీ దగ్గర ఆగిపోవడం ఆమె కంటపడింది.

"ఏమిటమ్మాయ్ అంతలా చూస్తున్నావు?"

"ఏం లేదత్తయ్యా, ఊరికే."

ఊరికే అన్న మాటని తళతళమ్మ ఏనాడూ నమ్మలేదు. కోడలు అటు వెళ్ళగానే పేజీ తీసి చూసింది. ఎవరిదో చెయ్యి, దానికి వెండి బ్రేస్‌లెట్. చిన్న చిన్న ఆకులు ఒకదాన్నొకటి పట్టుకున్నట్టుంది. ప్రతి ఆకు ఈనెల్లోనూ నలుపు. "రామ రామ, అంట్ల గిన్నె అడుగులా ఉంది" అనుకుంది. అయినా పేజీ చింపి రవికెలో దోపుకుంది.

ఇక కొలత కావాలి. మర్నాడు కోడలు తల దువ్వుకుంటుంటే వెళ్ళి చెయ్యి పట్టుకుంది. "మొహం పీక్కుపోయిందేమిటి? ఉండు, నాడి చూస్తాను."

"మీకు నాడి చూడడం వచ్చా అత్తయ్యా?"

"ఇప్పుడే నేర్చుకుంటున్నాను" అంటూ చీరకొంగు చాటున దారం మణికట్టు చుట్టూ తిప్పి, కలిసిన చోట గోటితో నొక్కిపట్టింది.

పేపరు వెనక నుంచి మామగారి గొంతు వినబడింది. "ఏమంటావు? బతికే ఉందా?"

వెండి కొట్టు సందు చివర. ఇద్దరు నిలబడితే మూడోవాడు వీధిలో ఉండాలి, అంత ఇరుకు. కొట్టు పెద్దాయనకి డెబ్బై దాటాయి. నిద్రపోయేటప్పుడు తప్ప కంటికి బిగించిన భూతద్దం తియ్యడని చెప్పుకుంటారు. తళతళమ్మ లోపలికి అడుగుపెట్టి, దారం, పేజీ, ఒక అయస్కాంతం బల్ల మీద పెట్టింది. అయస్కాంతం మేనేజరు బల్ల మీద గుండుసూదుల డబ్బాది. సాయంత్రానికి తిరిగి చేర్చాలి.

"రా అమ్మాయ్" అన్నాడు పెద్దాయన. తనను అమ్మాయని పిలిచే మనిషి ఇంకా ఒకడున్నందుకు తళతళమ్మ సగం అక్కడే కరిగిపోయింది.

"బాబాయిగారూ, వెండి మంచిదో కాదో నాకు తెలియాలి. మోసం చేస్తే మాత్రం నేను ఊరుకోను."

"చెయ్యను. చేసినా నీకు చెప్పను" అని ఆయన ఒక బ్రేస్‌లెట్ తీసి కొక్కెం పక్కన గీచినట్టున్న అంకెలు చూపించాడు. "తొమ్మిది వందల ఇరవై ఐదు. వెయ్యి పాళ్ళలో అంత వెండి. మిగతాది రాగి."

"అంటే కల్తీ!"

"కల్తీ కాదమ్మాయ్, వెన్నెముక. ఉత్త వెండి మెత్తన, చేత్తో వంచితే వంగిపోతుంది. ఆ కాస్త రాగి ఉంటేనే చేతికి నిలుస్తుంది."

ఆమె అయస్కాంతం ఆనించి చూసింది. అంటుకోలేదు. గెలిచినట్టు చూసింది.

"అంటుకోలేదంటే ఇనుము కాదని తెలిసింది. వెండేనని తెలియలేదు" అన్నాడాయన. "ముద్ర చూడు, బరువు చూడు. ఆ పైన నా మొహం చూసి తీసుకో."

ఆయన మొహం బాగానే ఉందనిపించింది. అప్పుడు అసలు పరీక్ష మొదలుపెట్టింది. కొప్పు విప్పి, జుట్టు భుజం మీదికి లాక్కుని, ఒక్కొక్క బ్రేస్‌లెట్‌నీ దాని మీద జారవిడిచి చూసింది. మొదటిది జుట్టు పట్టుకుంది. రెండోది ఇంకా గట్టిగా పట్టుకుంది. మూడోదాన్ని విడిపించడానికి పెద్దాయన పట్టకారు తేవలసివచ్చింది.

"నలభై ఏళ్ళ నుంచి అమ్ముతున్నాను. ఇలాంటి పరీక్ష ఎవరూ పెట్టలేదు."

"మా కోడలి చేతులు రోజంతా పరాయివాళ్ళ జుట్టులో ఉంటాయి బాబాయిగారూ. ఎవరి తలైనా చిక్కుకుంటే కొత్త ఉద్యోగం మొదటి రోజే ఊడుతుంది."

చివరికి ఆకుల బ్రేస్‌లెట్ వంతు వచ్చింది. అచ్చం పేజీలో దానిలాగే ఉంది. అంచులన్నీ నున్నగా తీర్చినవి. జుట్టు మీద నీళ్ళలా జారిపోయింది. తళతళమ్మ చూపు మాత్రం పక్కనున్న నున్నటి గొలుసు మీదే ఉంది. అద్దంలా మెరిసిపోతోంది. అది కొంటే ఎంత బాగుంటుంది! కానీ కోడలి కళ్ళు ఆగింది ఆకుల దగ్గర. ఆమె గట్టిగా ఊపిరి తీసుకుని, మురికి పట్టినట్టున్న దాన్నే ముందుకు జరిపింది.

"ఈ నలుపు పోతుందా?"

"ఎవరూ పోగొట్టకపోతే పోదు."

"ఎవరు పోగొడతారు!"

"విను" అన్నాడు పెద్దాయన. "అది మురికి కాదు, పనితనం. ఈనెల్లో నలుపుంటేనే ఆకు ఆకులా కనబడుతుంది. స్నానానికి తీసెయ్యాలి. సెంటు ముందు, బ్రేస్‌లెట్ తర్వాత. వాడనప్పుడు గాలి చొరని కవరులో, సుద్దముక్క ఒకటి పక్కన వేసి పెట్టాలి. సుద్ద చెమ్మ పీల్చుకుంటుంది. తుడవాలంటే మెత్తటి గుడ్డ, పైపైన. పొడులు, పీచులు, బ్రష్షులు దగ్గరికి రానివ్వకూడదు."

తళతళమ్మ తలూపింది. నాకు చెబుతున్నాడు, నాకు, తుడవడం గురించి, అనుకుంటూ ఊపింది గనక ఒక్క ముక్కా లోపలికి దిగలేదు.

బుధవారం కొన్నది. ఇవ్వాల్సింది సోమవారం పొద్దున. మధ్యలో ఉన్న నాలుగు రోజులే కొంప ముంచాయి. కుట్టుసామాను డబ్బా అడుగున దాచి, రోజుకి ఒకసారి చూసుకుందామనుకుంది. గురువారం రెండుసార్లు చూసింది. శుక్రవారం నాలుగుసార్లు. చూసినప్పుడల్లా ఆ నలుపు కంట్లో నలుసులా గుచ్చుకుంది. వేళ్ళు జివ్వుమన్నాయి. ఇరవై ఆరేళ్ళుగా నలుపు కనబడగానే కదిలిన వేళ్ళు మరి, ఊరుకోమంటే ఊరుకుంటాయా?

శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు, కునికిపాట్లు పడుతున్న భర్త తప్ప. "ఒక్క ఆకు. కొక్కెం పక్కది. ఎవరికీ కనబడదు" అని తనకి తానే చెప్పుకుని, లాడ్జి నుంచి తెచ్చుకున్న మెరుగు పొడి, పాత పళ్ళ బ్రష్షు తీసింది. ఆకు తళుక్కుమంది. ప్రాణం లేచివచ్చింది. అయితే ఆ ఒక్కటీ మెరిసేసరికి దాని పక్కది మరీ మాసినట్టు కనబడింది. దాన్నీ తోమింది. అప్పుడు మూడోది దిక్కులేనిదానిలా అయిపోయింది. ఇలా ఇరవై నాలుగు ఆకులూ అయ్యాక తలెత్తి, కిటికీ వెలుగులో పట్టుకుని చూసింది.

ఆకులు లేవు. ఈనెలు లేవు. చిన్న చిన్న చెంచాలు గుచ్చిన దండలా ఉంది.

భర్త కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. "బాగుందే. ఇందులో ఇదివరకు ఏవో ఆకులుండాలి కదూ?"

తళతళమ్మ బ్రేస్‌లెట్‌ని కొంగున ముడేసుకుంది. చెప్పులు ఎడమది కుడికాలికి తొడుక్కుని కొట్టుకి పరుగెత్తింది.

పెద్దాయన బ్రేస్‌లెట్ చూశాడు. భూతద్దం తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "ఏం పెట్టి తోమావమ్మాయ్?"

"ఏమీ పెట్టలేదు."

"ఏమీ పెట్టలేదూ?"

"కాస్త పొడి."

"కాస్త పొడేనా?"

"బ్రష్షు కూడా" అంది నేల చూపులు చూస్తూ.

పెద్దాయన నవ్వడం మొదలుపెట్టాడు. భూతద్దం జారి ఒళ్ళో పడింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి నవ్వు ఆపుకున్నాడు. "నేను చేస్తే బుధవారానికి గాని కాదు. ఇవాళ కొట్టు మూసి మా చెల్లెలింటికి వెళ్తున్నాను."

"సోమవారం పొద్దున ఇవ్వాలి బాబాయిగారూ. ఇది నచ్చకపోతే ఇంక నాకు మొహం లేదు."

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే, ఇంట్లో నువ్వే చేసుకో. కోడిగుడ్డు రాయిలా గట్టిపడేదాకా ఉడికించు. వేడి మీదే చిదిపి డబ్బాలో వెయ్యి. బ్రేస్‌లెట్‌ని గుడ్డు అంటకుండా చిన్న గిన్నెలో పెట్టి ఆ డబ్బాలోనే ఉంచి మూత బిగించు. ఆ వాసనకే వెండి నల్లబడుతుంది. రెండు మూడు గంటలు పడుతుంది. ఆ తర్వాత పైపైన మాత్రం తుడువు, ఈనెలు తాకకుండా. ఒక్క మాట, నీ చేతిని నువ్వు నమ్మకు."

ఆదివారం కొత్త పార్లర్ సర్దడానికి కోడలు పొద్దున్నే వెళ్ళింది. సాయంత్రం దాకా రానంది. పెద్దాయన ఒక గుడ్డే చెప్పినా తళతళమ్మ నాలుగు ఉడికించింది. వాసనకి భర్త వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"నాకోటి పెట్టు."

"ఇవి తినడానికి కాదు."

"మరి?"

"మురికి చెయ్యడానికి."

ఆయన వెళ్ళి పేపరు ఎత్తుకున్నాడు.

మూత బిగించిన గాజు డబ్బా ముందు ఆమె పీట వేసుకు కూర్చుంది. వెండి ముందు పసుపు తిరిగింది. తర్వాత తేనె రంగు. తర్వాత గోధుమ రంగు. జీవితమంతా ఏ రంగుల మీద యుద్ధం చేసిందో ఆ రంగులన్నీ వరసగా వచ్చి పలకరించి పోతుంటే, "నల్లబడు తల్లీ, ఇంకాస్త, నా తల్లివి కదూ" అని డబ్బాని బతిమాలింది.

నల్లబడింది. కానీ కోడలు కూడా వచ్చేసింది, చెప్పిన వేళకి మూడు గంటల ముందే.

"అత్తయ్యా, ఏమిటీ వాసన? గ్యాస్ లీకవుతోందా?"

"మీ అత్తయ్య మురికి వండుతోందమ్మా" అన్నాడు మామగారు పేపరు వెనక నుంచి.

దాచడానికి చోటు లేదు. తళతళమ్మ డబ్బాని కొంగుతో కప్పింది గానీ వాసనకి కొంగు అడ్డమా? దారం, పేజీ, పొడి, బ్రష్షు, గుడ్లు, ఆ కథలన్నీ వరస తప్పి ఆమె నోటి నుంచి బయటికి వచ్చేశాయి. కోడలు డబ్బాలోకి తొంగిచూసింది.

"ఇది నాకా?"

"నీకే. పెట్టుకోకపోయినా ఏమీ అనుకోను. గొడుగు, బ్యాగు, వాచీ అన్నీ దిండు గలీబులో ఉన్నాయని నాకు తెలుసు."

"చూశారా?"

"కనబడ్డాయి."

"మూడు ముళ్ళు విప్పితే గాని కనబడవత్తయ్యా."

తళతళమ్మ కొంగుతో డబ్బా మూత తుడిచింది. కోడలు పక్కనే కింద కూర్చుంది. "గొడుగు మొదటిసారి వానలో వేసుకెళ్ళాను. ఇంటికి రాగానే మీరు దాన్ని విప్పి ఊచ ఊచా తుడుస్తూ 'అయ్యో, అప్పుడే బురదా' అన్నారు. బ్యాగు మీద జుట్టు రంగు చుక్క పడితే ఆదివారమంతా దానితోనే కూర్చున్నారు, అన్నం కూడా తినలేదు. వాచీ మీద గీత పడితే మూడు రోజులు నాతో మాట్లాడలేదు."

"మాట్లాడలేదా? నేనా?"

"ఆ మూడు రోజులూ నాకు బాగా గుర్తే" అన్నాడు మామగారు. "ఇల్లు ఎంత హాయిగా ఉందో."

"మీరుండండీ!"

"కొత్తగా ఉంటేనే మీకు సంతోషమనుకున్నాను" అంది కోడలు. "అందుకే కొత్తగా ఉంచాను. వాడితే మాయక తప్పదు కదత్తయ్యా. నేనేమో మాపే పనిలో ఉన్నాను."

  ఇరవై ఆరేళ్ళలో ఎన్ని గదుల్లో ఎందరి గుట్టు లాగిందో, తళతళమ్మకి తన ఇంట్లో గుట్టు తన చేతి గుడ్డలోనే ఉందని తెలియలేదు.

కోడలు మూత తీసింది. ముగ్గురూ ముక్కు మూసుకున్నారు. బ్రేస్‌లెట్ బొగ్గులా ఉంది. తళతళమ్మ చెయ్యి దానంతట అదే గుడ్డ మీదికి పోయింది.

"మీరు కాదు. చేతుల మీద కూర్చోండి" అంది కోడలు.

తళతళమ్మ నిజంగానే రెండు చేతులూ కింద పెట్టి వాటి మీద కూర్చుంది. కోడలు బ్రేస్‌లెట్ కడిగి ఆరబెట్టి, పార్లర్‌లో కత్తెరలు తుడిచే మెత్తటి గుడ్డ వేలికి చుట్టి ఒక్కో ఆకునీ పైపైన నిమిరింది. అంచులు తెల్లబడ్డాయి, ఈనెల్లో నలుపు నిలిచింది. ఆకులు తిరిగి వచ్చాయి.

"ఇంకొంచెం తుడిస్తే..."

"చాలత్తయ్యా."

"ఆ మూల..."

"చాలు."

కొక్కెం పక్క ఆకు మాత్రం దారికి రాలేదు. మొదట చేతికి దొరికింది అదే గనక, ఈనెలు అరిగిపోయేదాకా తోమేసింది తళతళమ్మ. నలుపు నిలవడానికి గాడే లేదు. ఇరవై మూడు ఆకుల మధ్య అదొక్కటీ చెంచాలా మెరుస్తోంది.

"పెద్దాయన్ని అడిగి మార్పిస్తాను" అంది అత్త.

"వద్దు, ఉండనివ్వండి. ఎవరి పనో తెలియాలిగా" అంది కోడలు నవ్వుతూ, అక్కడికక్కడే చేతికి పెట్టుకుంది.

సోమవారం పెట్టుకెళ్ళింది. మంగళవారం, బుధవారం కూడా పెట్టుకెళ్ళింది. జుట్టుకి మందు పట్టించేటప్పుడు తీసి, సుద్దముక్క వేసిన కవరులో పెడుతోందని తళతళమ్మ పార్లర్ ముందునుంచి అటు రెండుసార్లు ఇటు రెండుసార్లు నడిచి తెలుసుకుంది. గురువారం రద్దీలో ఒక్కసారి తియ్యడం మరిచిపోయినట్టుంది. సాయంత్రం కోడలు గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఆ పిల్ల మొహం కంటే ముందు తళతళమ్మకి కనబడింది ఆ చెయ్యే. ఒక పక్క నాలుగు ఆకుల మీద తేనె రంగు పొర.

తళతళమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుంది.  "పని బాగా సాగుతోందా అమ్మాయ్?" అని అడిగింది, ఎటో చూస్తూ.

కోడలికి తెలియదా? ఎదురుగా కూర్చుని, మెత్తటి గుడ్డ అందించి, చెయ్యి చాపింది. "నాలుగే. పైపైన. నా చేతికి ఉండగానే."

తళతళమ్మ గుడ్డ అంచుని చిటికెన వేలికి చుట్టి, పసిపిల్ల చెంప తుడిచినట్టు తుడిచింది. మొదటి ఆకు అయ్యేసరికి ఇవాళ పార్లర్‌కి ఎవరెవరు వచ్చారో తెలుసుకుంది. రెండోది అయ్యేసరికి వాళ్ళలో ఎవరిది సొంత జుట్టు, ఎవరిది కాదో తెలిసింది. నాలుగోది అయ్యేసరికి కోడలే చెయ్యి వెనక్కి లాక్కుంది.

మర్నాడు వాన. సాయంత్రం కోడలు తడవకుండా వచ్చింది. గుమ్మం మూలన ఒక గొడుగు వాల్చి ఉంది. గలీబులోంచి బయటపడ్డ గొడుగే. కొనలనుంచి నీళ్ళు కారుతున్నాయి, ఒక రెక్క మీద ఇంత బురద. తళతళమ్మ దాన్ని ఒకసారి చూసింది. వంటింట్లోకి వెళ్ళి, తిరిగి వచ్చి మళ్ళీ చూసింది. చేతులు వెనక్కి కట్టుకుంది.

"ఏమండీ" అంది భర్తతో, "లేచి ఆ గొడుగుని కాస్త అటు తిప్పి పెట్టండి. బురద నాకు కనబడకుండా."